చేతి మడత

ఎల్.బి.నగర్‌లోని బడి నుంచి చొక్కాల మూట తిరిగొచ్చింది సోమవారం నాడు. చంపాపేట్‌లో మాది యూనిఫాంలు కుట్టే చిన్న కార్ఖానా. కింద ఇల్లు, పైన మిషన్లు. కుట్టినవన్నీ చివర్లో బల్ల దగ్గర కొలిచి, బాగోలేనివి ఏరి పక్కన పెట్టేది నేనే. మూట విప్పి ఒక్కొక్కటే పరిచి చూశాను. అన్నింటిదీ ఒకటే జబ్బు: పొట్టి చేతుల అంచు మడత రెండు ఉతుకులకే ఊడిపోయింది. తప్పు ఎక్కడ పుడుతోందో కనిపెట్టి, సరైన చొక్కాలు పంపితేనే వచ్చే ఏడు ఆర్డరు మాకట. ఆ బడి పోతే సగం మిషన్ల మీద గుడ్డ కప్పాల్సిందే.

కోడలు అప్పటికే దిల్‌సుఖ్‌నగర్‌లో చిన్న వ్యాపారస్తులకు పెట్టిన తరగతులకు వెళ్లొచ్చింది. సంపూర్ణ నాణ్యత నిర్వహణ అని వాటి పేరు. ఆమెది గుంటూరు వైపు. మాట మెత్తన, పట్టు గట్టిది.

"చివర్లో మీరు టేపు పట్టుకుని ఏరితే నాణ్యత రాదత్తయ్యా. తప్పు పుట్టిన చోటే ఆగాలి," అంది.

"నేను ఏరకపోతే ఇంకెన్ని మూటలొస్తుండెనో," అన్నాను.

ఆమె మిషన్ల మధ్య ఒక బుట్ట పెట్టింది. ముందువాళ్ల దగ్గర్నుంచి వచ్చిన ముక్క బాగోలేకపోతే సర్దకుండా అందులో వేసి చెప్పాలి, ఎవర్నీ ఏమీ అనం అని హామీ ఇచ్చింది. వారం తిరిగినా బుట్టలో ఒక్క ముక్క పడలేదు. ఒకామె అందులో టిఫిన్ డబ్బా పెట్టుకోవడం మొదలుపెట్టింది.

సర్దడమంటే మా దగ్గర చిన్న విషయం కాదు. కాలరు పక్కకు లాగితే కాజాలు వేసే ఆమె సర్దుతుంది. కాజా జరిగితే గుండీలు కుట్టే ఆమె సర్దుతుంది. సర్దగలిగినదే పనిమంతురాలు. తప్పు ఎత్తి చూపితే అది చాడీ.

కాజాలామె పక్కనున్న కాలరామెను చూపిస్తూ కోడలి ముఖం మీదే అంది: "దాని ముక్క బుట్టల ఏస్తే దాని పొట్ట మీద కొట్టినట్టే గదమ్మా. రేపు మా బిడ్డ పెండ్లికి ఒస్తదా అది?"

"పిలిస్తే ఎందుకు రాను? తినేదాంక ఉంట," అంది కాలరామె. అందరూ నవ్వారు, కోడలు తప్ప.

నాకు కుదురు పోయింది. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఏం చేయాలో తెలిసేది కాదు. అన్నం ముందు కూర్చుని కూడా చొక్కా చేతులే తిప్పి చూసుకున్నాను. చివరికి బల్ల వదిలి మిషన్ల మధ్య తిరగడం మొదలుపెట్టాను. వాళ్లకు అది నచ్చలేదు. నేను వెనక నిలబడితే మాటలు ఆగిపోయేవి.

అట్లా తిరుగుతుంటే చేతులు కుట్టే ఆమె మడతను వేలి గోరంత సన్నగా మడవడం చూశాను. అంత సన్న మడత ఉతికితే నిలవదు.

"గింత సన్నగ మడుస్తవేందే?"

"బట్ట సాల్తలేదమ్మా. ఎక్కువ మడిస్తే చెయ్యి పొట్టిగైతది."

"ఎందుకు సాల్తలేదు? కొలత అట్ట పెట్టి గీసింది నేనే గద."

ఆమె మిషన్ చక్రం తిప్పి తర్వాతి ముక్క అందుకుంది. జవాబు కాజాలామె ఇచ్చింది: "ఆ కొలత అట్టనే పొట్టిగుందమ్మా. పోయిన బడుల సీజన్ల నుంచి మడతల సర్దుతనే ఉంది."

"మరి చెప్పలేదేంది?"

"మీ అట్టకు మేం వంక పెడ్తమా?"

చొక్కా చేతుల కొలత అట్ట నేను కత్తిరించిందే. వేరేవాళ్లను ముట్టనిచ్చేదాన్ని కాదు. తెచ్చి కొలిచాను. అర అంగుళం తక్కువ. అంచు పీచు లేచినప్పుడల్లా నేనే కత్తెరతో ఆ పీచు తీసి చక్కగా చేస్తూ వచ్చాను. అట్ట చక్కగానే ఉంది, పొట్టిదైంది. లోకంలోని బట్టలన్నీ కొలిచాను గానీ దాన్ని కొలవాలని నాకు తోచలేదు.

కోడలు అట్ట ముక్క, కత్తెర తెచ్చి నా ముందు పెట్టింది. కొత్త అట్ట కత్తిరించి, తేదీ వేసి, చేతులు కొత్తగా కోసి, మూటంతా మళ్లీ కుట్టించి పంపాం. బడివాళ్లు తీసుకున్నారు. ఆర్డరు సంగతి మాత్రం ఈ చొక్కాలు నాలుగు ఉతుకులు పడ్డాక చెప్తామన్నారు.

ఆ తర్వాత ప్యాంటు జేబుల అట్ట కూడా కొత్తది చేశాను. చేతులు కుట్టే ఆమెను పిలిచి చూడమన్నాను.

"మంచిగుందమ్మా," అంది, చూడకుండానే.

టేపు ఆమె చేతిలో పెట్టాను. కొలిచింది. టేపు కంటే నా ముఖమే ఎక్కువసేపు చూసింది.

"చెప్పు."

"జర... ఈ మూల ఒంకరున్నట్టుంది."

లేదు, సరిగ్గానే ఉందని నోటిదాకా వచ్చింది. ఆమె అప్పటికే టేపు చుట్టేస్తూ, "పోనీలే అమ్మా, కుట్టేటప్పుడు సర్దుకుంట," అంది.

"సర్దకు," అన్నాను. గొంతు అనుకున్న దానికంటే గట్టిగా వచ్చింది. ఆమె భయపడి ఒక అడుగు వెనక్కి వేసింది. ఈసారి నెమ్మదిగా అడిగాను:

"ఏ మూల?"