గ్యాస్ కట్టేసింది ఎవరు?

రెండేళ్ల కిందటి మే నెల. ఉండి అనే ఊరి దగ్గర ఒక రొయ్యల మేత ఫ్యాక్టరీలో గ్యాస్ లైను ఉన్నట్టుండి ఆగిపోతోందని గ్యాస్ ఇంజనీరునైన నన్ను పిలిచారు. ఒకరోజు పొద్దున్నే, ఒకరోజు సాయంత్రం, ఒకరోజు అసలు ఆగదు.

మేనేజరు రాజుగారు అప్పటికే తీర్పు చెప్పేశారు. "మెషీన్ పాడైతే రోజూ ఒకేలా ఆగాలి కదండీ మేడమ్. ఖాదర్ కునుకు తీయడానికి వాల్వు కట్టేస్తున్నాడు. రేపటినుంచి రావద్దని చెప్పేస్తానండి."

ఖాదర్ గారు తాడేపల్లిగూడెం మనిషి, ఆ లైను చూసే ఆపరేటరు. "ఉద్యోగం పోతే పోయిందమ్మా. ఈ వయసులో ఈ మాట పడి ఇంటికెలా వెళ్లనండీ?" అన్నారు. రాజుగారి తీర్పుకి నాకు ఒళ్లు మండింది.

నేరుగా రెగ్యులేటరు దగ్గరికి నడిచాను. గ్యాస్ ఒత్తిడిని తగ్గించేది అదే. ఒత్తిడి తగ్గితే గ్యాస్ చల్లబడుతుంది. దాని ముందున్న పైపు మీద తడి గోనెసంచులు కప్పి ఉన్నాయి.

"ఇవెవరు కప్పారండీ?"

"నేనేనమ్మా. ఎండకి పైపు కాలిపోతోంది. గ్యాస్ కదా, భయమేసి తడుపుతున్నాను."

లైను ఆపించి, రెండు పక్కలా ఒత్తిడి వదిలి, రెగ్యులేటరు విప్పాను. లోపల తెల్లటి గడ్డ. ముక్క తీసి గ్లాసు నీళ్లలో వేస్తే బుసబుసా బుడగలొచ్చాయి.

"మే నెలలో ఐసేంటండీ?" అన్నారు రాజుగారు.

"ఐసు కాదండీ, హైడ్రేట్. ఒత్తిడిలో, చలువలో నీటి అణువులు గ్యాస్ అణువు చుట్టూ పంజరంలా చేరతాయి. చేరినవి చేరినట్టే విడిపోతుంటాయి. ఎప్పుడో ఒక గుంపు తగినంత పెద్దదై నిలబడుతుంది. దాన్నే న్యూక్లియస్ అంటాం. ఇక ఆగదు, చకచకా పెరిగి దారి మూసేస్తుంది. ఆ గుంపు ఏ వేళకి నిలబడుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకే రోజుకో వేళ. ఇందులో కునుకెక్కడుందండీ?"

ఖాదర్ గారి ముఖం వాడిపోయింది. "అయితే చేసింది నేనేనా అమ్మా?"

"మీరు పైపును ఇంకా చల్లబరిచారు, అంతే. గ్యాస్‌లో తేమ మీరు కలపలేదు. గ్యాస్ చల్లబడకుండా ఇక్కడ ఉండాల్సిన హీటరు పెట్టించనిది మీరు కాదు."

సంచులు తీయించాక లైను మళ్లీ ఆగలేదు. రాజుగారు అందరి ముందూ, "ఖాదర్ గారూ, తప్పయిందండి," అన్నారు.

"ఆ ముక్క మా ఇంట్లో చెప్పండి రాజుగారూ. ఆ నింద వాళ్లదాకా వెళ్లిపోయింది."

రాజుగారు అక్కడే ఫోను తీశారు. అంతుపట్టని తంటా కనబడితే ముందు మనిషిని పట్టుకోవద్దని ఇప్పుడు ప్రతి సైటులో చెబుతున్నాను. గడ్డ ఎండకే కరుగుతుంది. మాటను మాత్రం అన్నవాళ్లే వెనక్కి తీసుకోవాలి.