తల తిరిగాక తిరిగిన జుట్టు

ఇటలీలోని యేజి ఊళ్లో సెలూన్ నడిపే ఒరియెల్లా స్పదోనికి దేవుడి మీద నమ్మకం అంతంతమాత్రం, ప్రభుత్వం మీద అసలే లేదు. ఉన్న నమ్మకమంతా ఒక మనిషి జుట్టు మీద పెట్టుకుంది. ఆ మనిషి రుజ్జేరో మాల్వెత్సి, ఫెర్రోవెక్యో అనే రాక్ బృందంలో గిటార్ వాయించేవాడు. ఆ పేరుకు అర్థం పాత ఇనుము. పేరు అతికినట్టు సరిపోయిందని ఒరియెల్లా తండ్రి అనేవాడు.

1973లో, పద్దెనిమిదేళ్ల వయసులో, ఆమె అంకోనా ఫుట్‌బాల్ మైదానంలో వాళ్ల కచేరీకి వెళ్లింది. అప్పటికి ఒక ముసలావిడ సెలూన్లో తలలు కడిగే పని చేస్తూ, ఇది మానేసి కాగితం మిల్లులో చేరిపోదామా అని చూస్తోంది. ఆ రోజు పాటలు ఆమెకు సరిగ్గా వినబడలేదు, స్పీకర్ల పుణ్యమా అని. కళ్లు మాత్రం పనిచేశాయి. భుజాలు దాటి దిగిన నల్లటి ఉంగరాల జుట్టు. పాట చివర అతను తల వెనక్కి విసిరితే ఆ జుట్టంతా లైట్ల వెలుగులోకి లేచి, తీరిగ్గా కిందికి దిగింది. ‘మన పనిలో ఇంత ఉందా!’ అనుకుంది ఒరియెల్లా. మిల్లు సంగతి మళ్లీ ఎత్తలేదు.

తర్వాత పదేళ్లలో ఊళ్లో సగంమంది మగాళ్లకు ఆ జుట్టు పెట్టింది. బ్యాంకు గుమాస్తాకి, బస్సు డ్రైవరుకి, ఫాదరుగారి మేనల్లుడికి. ఉంగరాలు తిరగనివాళ్లకు మందులు పూసి తిప్పింది. ఒకరిద్దరికి చెవులు కాలాయి కానీ అందం కోసం ఆ మాత్రం భరించాలని వాళ్లకు నచ్చజెప్పింది. సొంత సెలూన్ పెట్టాక అద్దం పక్కన రుజ్జేరో పోస్టర్ తగిలించింది. పక్క గోడ మీద మరియమ్మ పటం కూడా ఉంది, కాకపోతే దాని సైజు చిన్నది.

ఊళ్లో ఫెర్రోవెక్యో అభిమాన సంఘం పదకొండు మందితో మొదలైంది. కొందరు పెళ్లిళ్లు చేసుకుని పోయారు, కొందరు జాజ్‌లో కలిసిపోయారు. 1996 నాటికి ముగ్గురు మిగిలారు. ఒరియెల్లా ఒకతె. రెండోవాడు మాంసం కొట్టు దుయీలియో, ఆమెతో బడికెళ్లినవాడు, బృందం బొమ్మ ఉన్న పాత చొక్కాలో తన కొత్త పొట్టను ఇరికించి తిరిగేవాడు. మూడో మనిషి ఫోస్కా టీచరు. రిటైరైన లాటిన్ పంతులమ్మ, అరవై ఎనిమిదేళ్లు, నోరు తెరిస్తే లారీ డ్రైవర్లు పక్కకు తప్పుకునేవారు. దుయీలియోను ఆవిడ రెండుసార్లు లాటిన్‌లో ఫెయిల్ చేసింది. ఆవిడ ముందు సిగరెట్ కాల్చడానికి అతనికి ఇప్పటికీ భయమే.

ఆ సెప్టెంబరులో రిమినిలో వాద్యాల ప్రదర్శన జరిగింది. ఒక యాంప్లిఫయర్ల కంపెనీ తన సరుకు వాయించి చూపించడానికి రుజ్జేరోని పెట్టుకుందనీ, తర్వాత సంతకాలు కూడా పెడతాడనీ పత్రికలో పడింది. చిక్కల్లా ఒక్కటే. లోపలికి వ్యాపారులను తప్ప రానివ్వరు.

“మనం వ్యాపారులం కాదేంటి? నేను మాంసం, నువ్వు వెంట్రుకలు,” అన్నాడు దుయీలియో. దరఖాస్తులో ‘అకార్డియన్ పట్టీలకు తోలు సరఫరా’ అని రాసి మూడు పాసులు సంపాదించాడు. శనివారం పొద్దున్నే ముగ్గురూ, మాంసం కొక్కేలు వేలాడే అతని వ్యానులో బయల్దేరారు.

గేటు దగ్గర కాపలావాడు దుయీలియో పొట్ట మీది బొమ్మనూ చేతిలోని పాసునూ మార్చి మార్చి చూశాడు.

“ఏం తోలు సార్ మీది?”

“దూడ,” అన్నాడు దుయీలియో. ఇది అబద్ధం కాదు కాబట్టి ధైర్యంగానే అన్నాడు.

“ఈవిడ?”

“మా కంపెనీ డైరెక్టర్‌ని,” అంది ఫోస్కా. వెంటనే లాటిన్‌లో ఏదో గడగడా చదివింది. అది కాపలావాడి పూర్వీకుల గురించని తర్వాత చెప్పింది. అతను మాత్రం గౌరవంగా తలుపు తీశాడు.

లోపల నరకం ఉంది. ప్రతి దుకాణంలో ఒకడు గిటార్ పట్టుకుని తనకొచ్చిన ఒకే ఒక్క ముక్కను వాయిస్తున్నాడు, పక్కవాడిది వినబడకుండా ఇంకాస్త గట్టిగా. యాంప్లిఫయర్ల దుకాణం ముందు మాత్రం జనం వంకలు తిరిగిన వరసలో నిలబడ్డారు. అందరూ నలభైలు దాటినవాళ్లు. పాత రికార్డులను చంటిపిల్లల్లా గుండెకు హత్తుకుని ఉన్నారు.

సంఘంలో ఇరవై మూడేళ్లుగా తెగని తగాదా ఒకటుంది. ‘పాత రేవు’ అనే పాటలో, గిటార్ సోలో మంచి వేగంలో ఉండగా, రుజ్జేరో ఒక్క క్షణం ఆగిపోతాడు. అంకోనా కచేరీ రికార్డులో అది స్పష్టంగా వినబడుతుంది.

“అది మృత్యువు. మనిషి మాట ఆగిపోయే చోటు,” అంది ఫోస్కా, వరసలో నిలబడి.

“తీగ తెగి ఉంటుంది టీచరుగారూ.”

“నీ బుర్రలో తెగింది రా తీగ. అందుకే రెండుసార్లు తప్పావు.”

“ఇవాళ అడిగేద్దాం. ఇద్దరూ నోళ్లు ముయ్యండి, వస్తున్నాడు,” అంది ఒరియెల్లా.

రుజ్జేరో వచ్చాడు. నలభై ఏడేళ్లు, తోలు ప్యాంటు, పోస్టర్లోని జుట్టే. నెత్తిన నాలుగు పెద్ద లైట్లు వేసి అతన్ని పావుగంట వాయించమన్నారు. చెమటలు కారుతున్నా అతను వేళ్లు విరిగేలా వాయించాడు. చివర్లో అందరూ ఎదురుచూసిన పని చేశాడు, తల వెనక్కి విసిరాడు. తల ముందు తిరిగింది. జుట్టు తర్వాత తిరిగింది.

జనం ఈలలు వేశారు. ఒరియెల్లా ముందుకు వంగి ఆ తలను పరీక్షగా చూసింది. ఇరవై మూడేళ్లుగా తలలతో బతికిన మనిషి ఆమె. చూసింది చూడలేదని అనుకోలేదు. ‘విగ్గు! నా తల్లీ, విగ్గు!’ వెళ్లిపోదామనుకుంది కానీ ముందు దుయీలియో, వెనక డెబ్భైమంది.

సంతకాల బల్ల దగ్గరికి చేరేసరికి ఆమె కోపం స్థానంలోకి వృత్తి వచ్చి కూర్చుంది. అతని ఎడమ కణత పైన అంచు లేచి నిలబడింది. చెమటకు జిగురు కరుగుతోంది. బల్లకు అవతల ఒక పత్రిక ఫొటోగ్రాఫర్ కెమెరా సర్దుకుంటున్నాడు. ఆమె రికార్డు ముందుకు తోసి వంగింది.

“పేరేంటమ్మా?” అన్నాడు రుజ్జేరో, తల ఎత్తకుండా.

“అలాగే ఉండండి, ఎత్తకండి,” అంది గొంతు తగ్గించి. “ఎడమవైపు ఊడింది. ఇంకో పది సంతకాలు పెడితే మొత్తం బల్ల మీదికొస్తుంది.”

అతని కలం ఆగిపోయింది. “ఏం మాట్లాడుతున్నారు మీరు?”

“అరవకండి. సెలూన్ నాది. ఆ తెర వెనక్కి నడవండి. గోక్కోకండి!”

ఆమె వెనక్కి తిరిగి దుయీలియో చెవిలో, “ఒరేయ్, పది నిమిషాలు జనాన్ని ఆపు. ఎందుకని అడక్కు,” అంది. దుయీలియో అడగలేదు. నేరుగా వేదికెక్కి, రుజ్జేరో దించిన గిటార్‌ను పొట్ట మీద పెట్టుకుని, “తోలు వ్యాపారుల తరఫున!” అని అరిచి వాయించడం మొదలుపెట్టాడు. అతనికి రెండే స్వరాలు వచ్చు. వాటిలో ఒకటి తప్పు. కంపెనీవాళ్లు అతన్ని దించడానికి ఇద్దరు వచ్చారు గానీ అతని బరువుకు నలుగురు కావాలి.

తెర వెనక అట్టపెట్టెల మధ్య ఒక పెట్టె మీద రుజ్జేరో కూలబడ్డాడు. ఒరియెల్లా విగ్గు తీసి చేత్తో పట్టుకుంది. కింద గుడ్డులాంటి తల, అంచుల్లో ఎర్రటి పుండ్లు.

“ఈ జిగురు ఎవడమ్మాడండీ మీకు? టైర్లకు వాడేది కదా ఇది!”

“బొలోన్యాలో ఒకడు. పదిహేనేళ్లుగా.”

“వాణ్ణి జైల్లో పెట్టాలి.” ఆమె దువ్వెన తీసింది, ఆగింది. “ఒక్కటి చెప్పండి. అంకోనా, డెబ్భై మూడు. అది మీ సొంతమేనా?”

రుజ్జేరో నేల వైపు చూశాడు. “మిలిటరీ నుంచి అప్పుడే వచ్చాను. గుండు కొట్టి పంపారు. గుండుతో రాక్ వాయిస్తే ఎవడు చూస్తాడని మేనేజరు ఎక్కడో ఒపెరా నాటకాల దుస్తులవాడి దగ్గర్నుంచి ఒక విగ్గు తెచ్చాడు. మంత్రగత్తె వేషానికి వాడేదట. తర్వాత నాది పెరిగింది, నాలుగేళ్లు ఉండి ఊడింది. తర్వాత ఇదే.”

ఒరియెల్లాకు ముందు కన్నీళ్లొచ్చాయి. తర్వాత బస్సు డ్రైవరు, బ్యాంకు గుమాస్తా, ఫాదరుగారి మేనల్లుడు వరసగా కళ్లముందుకొచ్చారు. ఊరంతటికీ పదేళ్లు మంత్రగత్తె విగ్గు పెట్టింది తను! నవ్వు పొట్టలోంచి తన్నుకొచ్చి, ఆమె కూడా ఇంకో పెట్టె మీద కూలబడింది. అతను బిక్కచచ్చి చూశాడు, తర్వాత అతనికీ నవ్వొచ్చింది.

“అయితే ‘పాత రేవు’లో ఆగింది ఎందుకండీ?”

“ఆ పాడు జుట్టు నోట్లోకి పోయింది. ఉమ్మేశాను.”

ఆమె లేచి పని మొదలుపెట్టింది. పుండ్లను తన సీసాలోని మంచినీళ్లతో కడిగి, తన ముడిలోని పిన్నులు తీసి విగ్గును నాలుగు చోట్ల బిగించింది. చిన్న కత్తెరతో అంచులు పలచన చేసి కాస్త ముందుకు దువ్వింది. కత్తెర లేకుండా ఆమె ఇల్లు దాటదు.

“ఇవాళ్టికి తల విసరడాలు లేవు. తెలిసిందా?”

“సరేనమ్మా,” అన్నాడు రుజ్జేరో, బుద్ధిగా.

తిరిగొస్తుంటే వ్యానులో ఇద్దరూ ఆమెను పీక్కుతిన్నారు. ఏం జరిగింది, ఏమన్నాడు, ముట్టుకున్నావా అని.

“కడుపులో తేడా చేసిందట. మాత్ర ఇచ్చాను,” అంది ఒరియెల్లా. ఆమె సెలూన్లో ఊరి రహస్యాలు సగం నేల మీద పడి ఊడ్చుకుపోయాయి. ఒక్కటీ గుమ్మం దాటలేదు.

“మరి ఆ ఆగడం?” అంది ఫోస్కా.

ఒరియెల్లా ముసలావిడ ముఖం చూసింది. “మృత్యువే టీచరుగారూ. మీరే గెలిచారు.”

స్టీరింగ్ పట్టుకున్న దుయీలియో నెత్తిన ఫోస్కా ఒక్కటి మొట్టింది. వ్యాను పక్కకు ఒరిగి మళ్లీ దారికొచ్చింది.

మూడు వారాలకు, తెర వెనక ఆమె ఇచ్చిన చిరునామాకు, రుజ్జేరో ఉత్తరం వచ్చింది. సోమవారం సెలూన్ మూసే రోజున రుజ్జేరో రైలు దిగి, టోపీ పెట్టుకుని, వెనక తలుపు తట్టాడు. పుండ్లు మానేదాకా విగ్గు ముట్టుకోవద్దని ఆమె జవాబులో ముందే రాసింది. కుర్చీలో కూర్చోబెట్టి, చెవుల పక్కన మిగిలిన నాలుగు పోచలూ గీసేసి, వేడి తువ్వాలు పెట్టింది. అతను చాలాసేపు అద్దంలో చూసుకున్నాడు.

“మా నాన్నలా ఉన్నాను.”

“మీ నాన్న ఏం చేసేవాడు?”

“రైల్వేలో టికెట్లు చూసేవాడు.”

“జనం భయపడేవాళ్లా?”

“బాగా.”

“అయితే ఇంకేం కావాలి?”

వసంతంలో రావెన్నా కచేరీలో అతను గుండుతోనే వేదికెక్కాడు. జనం ఒక నిమిషం గుసగుసలాడారు. వెనక వరసలో ఒకాయన ఏడ్చాడు. వాయించడం మొదలుపెట్టాక, అడ్డం వచ్చేది ఏదీ లేనందువల్లో ఏమో, ‘పాత రేవు’ ఎక్కడా ఆగకుండా చివరిదాకా పోయింది. మృత్యువును జయించాడని ఫోస్కా ప్రకటించింది.

దుయీలియో మాత్రం మనసు కష్టపెట్టుకున్నాడు. “పాపం, ఏదో పెద్ద జబ్బే చేసుంటుంది ఒరియెల్లా. మందులకు ఊడిపోయుంటుంది. నువ్వేమీ అనవేంటి?”

“ఏమనమంటావు? మనిషి బాగానే ఉన్నాడుగా.”

“ఏం బాగు! ఒంట్లో ఇనుము లేదు వాడికి.”

కచేరీ అయ్యాక అతను వ్యాను నుంచి రెండు కిలోల దూడ కాలేయం పొట్లం పట్టుకుని కళాకారుల గదికి వెళ్లాడు. కాపలావాళ్లు ఆపితే తోలు వ్యాపారినని చెప్పాడు. రుజ్జేరో పొట్లం అందుకుని, వెనక నిలబడ్డ ఒరియెల్లా వైపు చూశాడు. ఆమె కళ్లతోనే ‘తీసుకో’ అంది.

“ఉల్లిపాయలు బాగా వేయించి వండుకోండి సార్,” అన్నాడు దుయీలియో. “వారానికి రెండుసార్లు. అయిపోతే చెప్పండి, మళ్లీ తెస్తాను.”