తోమా గట్టు మీది వల

బిందు తన కూతురు ఇందుకి టబ్బులో స్నానం చేయించదు. మగ్గుతో నాలుగు నీళ్ళు పోసి, తుడిచి, ఎత్తుకొచ్చేస్తుంది. బకెట్ నిండుతున్న చప్పుడు వినబడితే చాలు, చేతిలో పని వదిలేసి వెళ్ళి కుళాయి కట్టేస్తుంది. వరదల మీద డాక్టరేట్ చేసినావిడకి బకెట్ నీళ్ళంటే భయమేమిటని భర్త ఆనంద్ పాల్ మొదట్లో నవ్వేవాడు. ఇప్పుడు నవ్వడం మానేశాడు.

తాడేపల్లిగూడెంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఆమె గణితం చెబుతుంది. పుట్టింది కొల్లేటి మధ్య పైడిలంకలో. ఊరి నీళ్ళు కొల్లేట్లోకి జారే దారికి అడ్డంగా తండ్రి తోమా చేపల చెరువు ఉంది. అయితే ఆమెకు లెక్కలు నేర్పింది మరియమ్మ మామ్మ. రక్తసంబంధం ఏమీ లేదు. చర్చిలో ఆడవాళ్ళకు బైబిలు చదివి వినిపించే మనిషి కాబట్టి ఊరి పిల్లలందరికీ మామ్మే. అరుగు మీద చింతగింజలు పరిచి కూడికలు చెప్పేది. తప్పు చెప్పినప్పుడల్లా ఒక గింజ నెత్తిన పెట్టేది. ఎవరి నెత్తిన గింజలు ఎక్కువుంటే వాళ్ళు అరుగు ఊడ్వాలి. బిందుకి ఆ చీపురు ఎప్పుడూ దక్కలేదు.

ఏలూరులో మిషన్ హాస్టల్, ఆ తర్వాత విశాఖపట్నంలో పీజీ, పరిశోధన. లోతు తక్కువ నీరు పల్లపు నేల మీద ఎలా పరుచుకుంటుందో చెప్పే సమీకరణాలు ఆమె పట్టుకున్న విషయం. మామ్మకి ఎలా వివరించాలో తెలియక, ఇంత వాన పడితే మన ఊళ్ళోకి నీళ్ళు ఎంతదాకా వస్తాయో ముందే చెప్పగలనని అంది.

"అయితే నువ్వు నోవహు కాలంలో పుట్టాల్సిందానివే, జలప్రళయం సంగతి ముందే చెప్పేదానివి," అంది మామ్మ.

ఊరివాళ్ళకి మీటర్లూ సెంటీమీటర్లూ అక్కర్లేదు. నీళ్ళు అరుగు ఎక్కుతాయా, ఎక్కవా? అంతవరకే. బుడమేరు, తమ్మిలేరు పొంగినప్పుడల్లా ఫోన్ చేసేవాళ్ళు. పైనుంచి వచ్చే నీళ్ళెన్నో, ఉప్పుటేరు గుండా సముద్రంలోకి పోయేవెన్నో కంప్యూటర్‌కి ఇచ్చి బిందు జవాబు చెప్పేది. కొన్నేళ్ళపాటు ఆమె మాట తప్పలేదు.

ఇందు కడుపులో ఉన్న ఏడాది పెద్ద వరద వచ్చింది. మామ్మ కొడుకు ఏసోబు పెళ్ళి మాటల మీద కామవరపుకోట వెళ్ళి ఉన్నాడు. ఊరివాళ్ళు పడవలెక్కి ఏలూరు పోతున్నారు. మామ్మ ఫోన్ చేసి, "ఎంతదాకా వస్తయ్యే?" అని సాగదీస్తూ అడిగింది. ఈసారి కూడా అరుగు ఎక్కవని చెప్పింది బిందు. మామ్మ పడవ ఎక్కలేదు.

నీళ్ళు కిటికీలు దాటాయి.

ఎవరూ బిందుని ఒక్క మాట అనలేదు. ఆకాశం చిల్లుపడితే ఆ పిల్లేం చేస్తుందన్నారు. మామ్మ పోయాక చర్చిలో పెట్టిన ఆదరణ కూటం రోజున ఏసోబు ఆమె చెయ్యి పట్టుకుని, "మా అమ్మ నీ మాట మీద నిశ్చింతగా పడుకుందమ్మా, భయపడలేదు," అన్నాడు. ఓదార్పుగానే అన్నాడు. అప్పటినుంచి ఆమెకి నిద్ర కరువైంది.

అంతకుముందే లెక్క మళ్ళీ మళ్ళీ చేసి చూసుకుంది. వాన సరిగానే ఉంది. ఏరుల్లో వచ్చిన నీళ్ళూ సరిగానే ఉన్నాయి. కూటం అయ్యాక తండ్రి చెరువు గట్టు మీదుగా నడుస్తూ ఆగిపోయింది. గట్టు పొడవునా వెదురు కర్రలు, కర్రలకు వల, వరదకి కొట్టుకొచ్చి వలకు మనిషెత్తున అంటుకుని ఎండిపోయిన గుర్రపుడెక్క. అది వలలా లేదు, గోడలా ఉంది.

నీళ్ళు గట్టు దాకా వస్తే చేపలు పోకుండా గట్టు మీద వల కడతారు. లంక ఊళ్ళలో ఇది అందరికీ తెలిసిందే. చిన్నప్పుడు తండ్రి కర్ర పాతుతుంటే నైలాన్ తాడు ముడులు వేసింది బిందూనే. ఆమె సమీకరణంలో మాత్రం నీళ్ళు గట్టు మునగగానే అడ్డు లేకుండా కొల్లేట్లోకి జారిపోయాయి. ఊళ్ళో వాటిని వల ఆపింది, వలని గుర్రపుడెక్క మూసేసింది, నీళ్ళు వెనక్కి తన్నాయి.

ఆ రోజు తోమా కొడవలితో డెక్క గీకుతూ, "ఒక్క చేప పోలేదమ్మా," అన్నాడు. ఆ మాట అన్నవాడికి ఈ సంగతి ఎలా చెప్పాలి? చెప్పలేదు. వలల అడ్డుని లెక్కలో చేర్చి పేపర్ రాసింది. సదస్సులో మెచ్చుకున్నారు. ఈ ఊహ ఎలా వచ్చిందండీ అని ఎవరో అడిగితే మంచినీళ్ళు తాగి కూర్చుంది. ఊరినుంచి ఫోన్ వస్తే ఎత్తడం మానేసింది. క్లాసులో ఉందండీ అని ఆనంద్ పాల్ చెప్పేవాడు, ఆదివారాల్లో కూడా.

ఈ ఏడు మళ్ళీ ముసురు పట్టింది. మధ్యాహ్నం మోగుతున్న ఫోన్‌ని ఇందు నొక్కేసింది.

"ఎంతదాకా వస్తయ్యంటావు, చెల్లెమ్మా?"

ఏసోబు గొంతే. సాగదీయడం మాత్రం వాళ్ళమ్మది. ఏసోబు భార్య మానస పచ్చి బాలింత, పడవ ప్రయాణానికి పెద్దవాళ్ళు ఒప్పుకోవడం లేదట.

"వలలు కట్టారా అన్నయ్యా?"

"కట్టకపోతే చేపలు నీ కాలేజీలో చేరిపోవూ? అందరికంటే ముందు మీ నాన్నే కట్టాడు."

"అయితే నీళ్ళు కిటికీ దాటుతాయి. మానస వదిన్నీ బిడ్డనీ ఇప్పుడే పడవ ఎక్కించు. ఎవరేమన్నా వినకు."

ఇంక ఏమీ అడగకుండా ఏసోబు పెట్టేశాడు.

అతను వాళ్ళని దాటిస్తాడు. మిగతా వాళ్ళు? తండ్రి చెరువు మీది వల ఒక్కటి తీస్తే ఊరి నీళ్ళకి దారి దొరుకుతుంది. ఆ మాట చెప్పడమంటే మామ్మ పోయిన ఏడాది సంగతీ చెప్పినట్టే. ఇందుని ఒళ్ళో పెట్టుకుని ఫోన్ చేసింది.

"నాన్నా, వల కోసెయ్యండి."

"పట్టుబడికొచ్చిన చేపమ్మా."

"వల ఉంటే నీళ్ళు ఊరి మీదికి తంతాయి నాన్నా."

తోమా నెమ్మదిగా, "అప్పుడు కూడానా?" అన్నాడు.

కాదనడానికి ఆమెకి వీలుంది. ఆయనకి ఇక మిగిలిన నిద్రంతా ఆ ఒక్క అబద్ధంలో ఉంది. ఇందు ఫోన్ ఛార్జర్ తీగ లాగుతోంది.

"అప్పుడు కూడా నాన్నా. నా లెక్కలో వల లేదు."

తోమా వల కోసేశాడు. చేపలన్నీ పోయాయి. నీళ్ళు మరియమ్మ అరుగు కింద ఆగాయి. బాలింతని వానలో తిప్పావని మానస తల్లి బిందుని దెప్పింది కూడా. ఆ దెప్పు వింటుంటే బిందుకి ప్రాణం లేచొచ్చింది.

నీళ్ళు తీశాక ఊరికి వెళ్ళింది. తండ్రి ఇంట్లో లేడు. మరియమ్మ అరుగు మీద, గోడకేసి తిరిగి కూర్చుని ఉన్నాడు. గోడ మీద, కిటికీకి పైన, ఆ ఏడాది వరద నీటి చార ఇంకా పోలేదు. బిందు పక్కన కూర్చుంది. ఆయన ఆమె వైపు చూడలేదు.

"ఆ రోజు వల కట్టడానికి మనిషి లేకపోతే, మరియమ్మే వచ్చి తాడందించిందమ్మా," అన్నాడు. "'నీ కూతురు చెప్పిందిలే తోమా, నీళ్ళు అరుగు ఎక్కవూ' అంటూ, నవ్వుకుంటూ అందించింది."

ఇందు అరుగు అంచుకి పాకుతోంది. ఇద్దరూ ఒకేసారి చెయ్యి చాపారు.