నేలమీది గిన్నెలు

గురువమ్మ నమ్మి చెప్పుకున్న బాధను ఒక సైకాలజీ ప్రొఫెసరు ఆమె అనుమతి లేకుండా బహిరంగ సభలో చెప్పారు.

కేజీఎఫ్ (కోలారు) బంగారు గనిలో, లోతున ఒత్తిడికి బండ పేలిననాడు ఆమె ఇల్లు అదిరి, అటక మీది గిన్నెలన్నీ కింద పడ్డాయి. అదే ప్రమాదంలో భూగర్భంలో ఉన్న భర్త మునివెంకటప్ప చనిపోయాడు. గనులు మూతపడ్డాక కూడా ఆమె గిన్నెలను నేలమీదే ఉంచుకుంది. విశ్వవిద్యాలయం వారు గని కార్మికుల కాలనీలో ఉచిత మానసిక ఆరోగ్య శిబిరం పెట్టినప్పుడు, "ఇక్కడ చెప్పింది గడప దాటదు" అన్న ప్రొఫెసరు మాట నమ్మి, వాటిని ఎందుకు నేలమీద ఉంచుతోందో మొదటిసారి చెప్పింది.

నెల తిరగకముందే బంగారుపేటలో, ప్రజలకోసమని ఏర్పాటైన ఉపన్యాసంలో, ఆయన ఆ గిన్నెలనే ఉదాహరణగా చెప్పి జనాన్ని నవ్వించారు. పేరు చెప్పలేదు. వినడానికి వెళ్లిన కాలనీవాళ్లకు పేరు అవసరం లేదు.

మరునాడు కొళాయి దగ్గర పొరుగింటి చెన్నమ్మ అడిగింది: "ఏం గురువమ్మక్కా, గని మూసేసినారని నీ గిన్నెలకు ఇంగా ఎవురూ చెప్పలేదా?"

గురువమ్మ ఇంటికెళ్లి గిన్నెలన్నీ అటకెక్కించింది. "ఇంగ ఆ క్యాంపుకు నన్ను పిలవొద్దమ్మా," అంది, శిబిరానికి ఆమెను పిలుచుకెళ్లిన నాతో. "ఇంట్లో కూచోలేకుండా ఉండాను, అవి ఎప్పుడు పడతాయో అని."

ప్రొఫెసరు గారూ, పేరు దాచినంత మాత్రాన అనుమతి పొందినట్టు కాదు. అదే సభకు, అదే జనం ముందుకు రండి. మాట తప్పింది మీరేనని చెప్పి, ఆమెకు క్షమాపణ చెప్పండి.