ఎడమచేతి కత్తి, మఖ్మల్ కుర్చీ

నయాపూల్ దాటి కాస్త లోపలికి వెళితే ఇషాక్ భాయ్ దుకాణం వస్తుంది. పెళ్లికొడుకులకు షేర్వానీలు, తలపాగాలు, కత్తులు కిరాయికి ఇస్తాడు. కత్తులకు పదును ఉండదు. ఆ లోటును ఇషాక్ నాలుక తీరుస్తుంది.

కత్తిని ఊరికే చేతికిచ్చి పంపడం ఆ వంశంలో లేదు. పెళ్లికొడుకు కుడి నడుముకు ఒర కట్టి, ఎడమచేత్తో సర్రున దూయించి, పిడిని నుదుటికి తాకించి, గాలిలో అర్ధచంద్రం గీయించాకే గడప దాటనిస్తాడు. అన్నం, సలాము, సంతకం, సర్వమూ కుడిచేత్తోనే జరిగే ఈ పేటలో కత్తి ఒక్కటే ఎడమచేతికి దక్కింది. మూడు తరాల పెళ్లి ఆల్బములు ఇందుకు సాక్ష్యం.

దీనికి మూలపురుషుడు ఇషాక్ తాత మొయిన్. నూరేళ్ల కిందట, సినిమాలకు ఇంకా మాటలు రాని కాలంలో, ఊళ్లోకి ఒక డేరా సినిమా వచ్చింది. అందులో ముసుగు కట్టిన విదేశీ వీరుడు మిద్దెల మీంచి దూకాడు, దీపాల గుత్తి పట్టుకుని ఊగాడు, కోటలోని సిపాయిలందరితో ఒక్కడే కత్తి తిప్పాడు. ఆయన ఎడమచేతి వాటాన్ని మొయిన్ మతిలో పెట్టుకుని, దాన్నే జీవనోపాధిగా స్వీకరించాడు. సొంత దేశంలో ఆ వీరుణ్ణి ఎవరైనా తలుచుకుంటారో లేదో గానీ, ఇక్కడ మాత్రం ముహూర్తాల కాలం రాగానే ఆయన పునర్జన్మలకు లెక్కుండదు.

ఆ సినిమాను ఒక జాగీర్దారు పక్కన, మఖ్మల్ కుర్చీలో కూర్చుని చూశానని మొయిన్ చచ్చేదాకా చెప్పాడు. కుర్చీకి డబ్బుల్లేక గుడ్డ తెరకు వెనకపక్క, నేల మీద కూర్చున్న బీదాబిక్కీని తలుచుకుని జాలిపడేవాడు కూడా. మధ్యమధ్య తెర మీద పడే అక్షరాలు మాత్రం ఇంగ్లీషు తెలిసిన వకీళ్లకైనా అంతుపట్టవనేవాడు. ఈ మాటను ఎవరూ తరచి చూడలేదు.

తాత గౌరవార్థం దుకాణంలో ఎర్ర మఖ్మల్ కుర్చీ ఒకటి ఉంది. అందులో ఎవరూ కూర్చోరాదు. మంత్రిగారు వచ్చినా నిలబడవలసిందే. అదృష్టవశాత్తు ఏ మంత్రీ ఇంతవరకు రాలేదు.

ఇంతటి వంశగౌరవానికి గండం బుచ్చమ్మ రూపంలో వచ్చింది. ఆమె భర్త బుచ్చయ్య జల్‌పల్లిలో పాల వ్యాపారి, ఇషాక్‌కు చిన్ననాటి స్నేహితుడు. కొడుకు నందు పెళ్లి ఊరేగింపుకు, అంటే బరాత్‌కు, కత్తి చూద్దామని ముగ్గురూ వచ్చారు. నందు ఎడమచెయ్యి పిడి మీద పడగానే బుచ్చమ్మ అడ్డం వచ్చింది.

"శుభమాని పెండ్లి చేస్తుంటే ఎడమచెయ్యేంది భాయ్? గుర్రమెక్కినంక మంది నవ్వరా?"

"గది సిన్మాల హీరో తీసిన చెయ్యి, వదినె. మా దాదా కండ్లార చూసిండు."

"మీ దాదా చూసిండు. నేను చూసిన్నా?"

"ఊకో రాదే," అన్నాడు బుచ్చయ్య. "మన పెండ్లిల నేను గూడ ఎడమచేత్తోనే తీసిన."

"గందుకే గిట్లున్నది మన సంసారం."



అదే వారం ఒక ఫిలిం క్లబ్బువాళ్లు, ఆ పాత సినిమా కాపీ దొరికిందని, దగ్గరలోని బడి హాలులో ఆదివారం పొద్దున ఆట పెట్టారు. తీర్పు అక్కడేనని బుచ్చమ్మ ప్రకటించింది. హీరో ఎడమచేత్తో తీస్తే నందూ ఎడమచేత్తోనే తీస్తాడు. కుడిచేత్తో తీస్తే ఇషాక్ ఒర మార్చి కట్టాలి, దుకాణం బోర్డు మీది ఎడమచేతి వీరుడి బొమ్మను చెరిపెయ్యాలి. ఇషాక్ గుండెల మీద చెయ్యి వేసుకుని ఒప్పుకున్నాడు. కుడిచెయ్యే.

హాలులో వేదిక మీద తెల్లగుడ్డ ఒకటి అడ్డంగా కట్టారు. ఇషాక్ షేర్వానీ తొడుక్కుని, భార్య మహబూబున్నీసాతో ముందు వరసలో కూర్చున్నాడు. ఆ పక్కన బుచ్చయ్య దంపతులు. ముసుగు వీరుడు మిద్దె మీంచి దూకాడు. ఒర మీద చెయ్యి వేశాడు.

కుడిచెయ్యి.

పిడి నుదుటికి తాకింది, అర్ధచంద్రం పడింది, అంతా తాత చెప్పినట్టే. చెయ్యి ఒక్కటే తేడా.

"రంగు డబ్బా మేమే పంపుతం తియ్యి భాయ్," అంది బుచ్చమ్మ, గెలిచినవాళ్ల మర్యాదతో.

జనం మధ్యనుంచి నడవలేక ఇషాక్ వేదిక మెట్లెక్కి, తెర వెనకనుంచి బయటపడబోయాడు. పోతూపోతూ తలెత్తాడు. గుడ్డకు ఈ పక్క కూడా అదే యుద్ధం కనిపిస్తోంది. వీరుడు ఎడమచేత్తో పొడుస్తున్నాడు. ఇంతలో ఇంగ్లీషు అక్షరాలు పడ్డాయి. అన్నీ అద్దంలో చూసినట్టు తిరగబడి ఉన్నాయి. ఏ వకీలుకూ అంతుపట్టవు.

మొయిన్ అబద్ధమాడలేదు, కుర్చీ విషయంలో తప్ప.

వెనకే వచ్చిన మహబూబున్నీసా తెరను చూసింది, మొగుణ్ణి చూసింది. "అయితే దాదా గీడ కూసున్నడన్నట్టు. నేల మీద."

"చుప్! బుచ్చన్న వింటడు. జాగీర్దారు పక్కన కూసున్నడని ఊరంత చెప్పినం. మన నిఖాల మీ అబ్బాకు గూడ చెప్పిన."

"మా అబ్బా ఆ దినమే నమ్మలే. కుర్చీ కావాల్నా, చెయ్యి కావాల్నా? జల్ది చెప్పు, పరదా మీద కత్తుల లొల్లి అయిపోతున్నది."

తెర మీద వీరుడికి ఇద్దరు శత్రువులే మిగిలారు. ఒకడు మెట్ల మీంచి దొర్లాడు. ఇషాక్ కళ్లు మూసుకుని అరిచాడు.

"బుచ్చన్నా! వదినెను తీస్కొని పరదా వెన్కకు రా! మా దాదా కూసున్న జాగ చూపిస్త!"

సినిమా మూగది కావడంతో ఆ మాట హాలంతటికీ స్పష్టంగా వినిపించింది. బుచ్చయ్య దంపతులతో పాటు పిలవనివాళ్లు కూడా వచ్చి నేల మీద చతికిలబడ్డారు. వీరుడు చివరివాడి కత్తి ఎగరగొట్టి, ఎడమచేత్తో పిడిని నుదుటికి తాకించాడు.

"మరి అటుదిక్కు కుడి గదా," బుచ్చయ్య గొణిగాడు. "ఏది నమ్మాలె?"

బుచ్చమ్మ తీర్పు చెప్పింది. "కుర్చీలల్ల కూసున్నోళ్లకు కుడి. మన తాతలు ఎన్నడు కూసున్నరు కుర్చీల? మన పోరడు ఎడమచేత్తోనే తీస్తడు."

నందు చేత కత్తి దూయించడం ముందురోజే అయిపోయింది కనుక, బరాత్ రోజు దాని కోసం బుచ్చమ్మ ఒక్కతే ఎండలో పడి వచ్చింది. ఇషాక్ మఖ్మల్ కుర్చీ దుమ్ము దులిపి ముందుకు లాగాడు.

"కూసో వదినె."

"అయ్యో, మీ దాదాది గదా?"

"ఫికర్ చెయ్యకు. ఆయనకు నేలనే అలవాటు."