మా అవ్వ ఊరి గడ్డి

"చదువుకుని ఏం గడ్డి పీకావు?" అని ఎవరినైనా అడిగితే అది తిట్టు. నన్ను అడిగితే అది నా ఉద్యోగం. గోదావరిఖనిలో మా వాడకట్టు వాళ్లకు నేను గడ్డి మేడమ్‌ని. డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. మిగిలిన కాలమంతా ఏ గడ్డి ఏ జాతిదో తేల్చుకోవడంలోనే గడిచింది. ఈ పనికి ఓపిక కావాలంటారు. నాకు ఓపిక తక్కువ, మొండితనం ఎక్కువ. దాంతోనే నెట్టుకొచ్చాను.

గడ్డిని ఆకు చూసి పోల్చుకోవడం కష్టం. చాలా వాటి ఆకులు ఒక్కలాగే ఉంటాయి. కంకి వెయ్యాలి, ఆ కంకిలోని పొట్టును సూక్ష్మదర్శిని కింద పొరలు పొరలుగా విప్పి చూడాలి. కంకి లేకుండా ఇది కొత్త జాతి అంటే ఎవరూ ఒప్పుకోరు. ఒప్పుకోకూడదు కూడా.

మా అమ్మను మేము అవ్వా అనే పిలుస్తాం. ఆమె పుట్టిన ఊరిని ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని కోసం ఖాళీ చేయించిన ఎండాకాలం, ఒక్కసారి చూసొస్తానంటే తీసుకెళ్లాను. ఇళ్లు అప్పటికే కూలగొట్టారు. ఆమె మొండిగోడల మధ్య తమ ఇల్లు ఏదో వెతుక్కుంటుంటే, నేను అలవాటు కొద్దీ పొలం గట్టు వెంట నడిచాను. అక్కడ ఒక గడ్డి దుబ్బు కనిపించింది. కాడల మొదట్లో మెత్తటి ఊదారంగు నూగు. అటువంటిది నేనెక్కడా చూడలేదు, చదవలేదు. దానికి కంకి లేదు. వేళ్లతో సహా తవ్వి తెచ్చి మా పెరట్లో పగిలిన సిమెంటు తొట్టిలో నాటాను. వానలు పడేసరికి ఆ గట్టు మీద గనిలోంచి తీసిన మట్టి గుట్టలా లేచింది. చుట్టుపక్కల పొలాలన్నీ తిరిగాను. ఆ గడ్డి ఇంకెక్కడా దొరకలేదు.

"కొత్త జాతి అని తేలితే పేరు నేనే పెట్టొచ్చు అవ్వా. మీ ఊరి పేరే పెడత" అన్నాను.

ఆమె కాడల మొదట్లోని నూగును వేలితో నిమిరింది. తరువాత, "ఊరెట్లనో పాయె. పేరన్న ఉంటది" అంది. ఆ రోజు నుంచి తొట్టికి నీళ్లు పోసే డ్యూటీ ఆమెదే. మేకలు రాకుండా చుట్టూ ముళ్లకంప కూడా పెట్టింది.

బతుకమ్మ రోజుల్లో నేను పేపర్లు దిద్దే పని మీద వేరే ఊళ్లో ఉన్నాను. "కంకులేసింది బిడ్డా" అని అవ్వ ఫోన్ చేసింది. పండుగ తెల్లారి వస్తానని, జాగ్రత్తగా చూసుకోమని చెప్పాను. ఆనందంతో ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

వచ్చీ రాగానే సంచి భుజాన ఉండగానే పెరట్లోకి వెళ్లాను. కాడలన్నీ ఒకే ఎత్తుకి కోసి ఉన్నాయి.

"కంకులేవి అవ్వా?"

"బతుకమ్మల పెట్టిన" అంది సంబరంగా. "గునుగు పువ్వు యాడ దొరకలె. మన ఊరి గడ్డే గదా అని రంగులద్ది పేర్చిన. అందరు మంచిగున్నదన్నరు. దుబ్బు, ఏర్లు ముట్టలె బిడ్డా, నీ గడ్డి గట్లనే ఉన్నది."

ఆమె దృష్టిలో గడ్డి అంటే దుబ్బు. వాళ్ల ఊళ్లో ఏటా చేలగట్ల మీది పూలన్నీ కోసుకొచ్చి, బతుకమ్మలు పేర్చి నీళ్లలో వదిలేవాళ్లు, ఏటా అవి మళ్లీ పూసేవి. పువ్వు కోస్తే పోయేదేముంది? నాకు మాత్రం ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. పేరంతా ఆ కంకిలోనే ఉంటుందని, అది లేకపోతే మీ ఊరి పేరు ఎక్కడా పెట్టలేనని చెప్పాను.

ఆమె చెప్పులేసుకుని వెళ్లిపోయింది. పక్కింటికేమో అనుకున్నాను. మధ్యాహ్నానికి తడిసిన చీరతో వచ్చి కొంగు విప్పింది. మున్సిపాలిటీ వాళ్లు నీళ్లలోంచి తీసి చెరువు ఒడ్డున పోసిన బతుకమ్మల కుప్పలన్నీ వెతికినట్టుంది. కొంగులో ఎరుపూ నీలమూ కలిసిన గడ్డి పోచల ముద్ద.

పండిన కంకి చెయ్యి తగిలితే చాలు, పొట్టు రాలుస్తుంది. ఇది రంగులో మునిగి, తాంబాలంలో నలిగి, చెరువులో నానింది. ఒక్కో పోచా కడిగి సూక్ష్మదర్శిని కింద పెట్టాను. ఉత్త ఈనెలే మిగిలాయి. ఆ దుబ్బు కూడా మళ్లీ కంకి వెయ్యలేదు, తరువాతి ఎండలకు మాడిపోయింది.

ఆ మధ్యాహ్నం అవ్వ తడి చీరతోనే నా పక్కన స్టూలు మీద కూర్చుంది.

"కనవడ్డదా?" అని అడిగింది.

"ఏంది అవ్వా?"

"మా ఊరు."

లేదని చెప్పాను.

"ఇంకోపారి సూడు బిడ్డా" అంది.

మళ్లీ చూశాను. అందులో ఏమీ లేదని నాకు తెలుసు. అయినా కన్ను తీయలేదు. తీస్తే ఆమె ముఖం చూడాలి.