జేబులో ఫ్యూజు

మా మరిది పోయాడన్న కబురు వచ్చేసరికి మా కోడలు పరీక్ష పుస్తకం ముందేసుకుని కూర్చుంది. దాని చదువు చెడుతుందని ఆ రోజు అతను ఒక్కడే పనికి వెళ్ళాడు. ఎండకు తాళలేక టీకొట్టు బల్లమీద కూర్చున్నవాడు అలాగే ఒరిగిపోయాడట. గుండె అన్నారు.

ఆ సాయంత్రం మా వీధిలో ఒక్క లైటూ వెలగలేదు. ఇంటికి తెచ్చిన మనిషిని చీకట్లో ఉంచుతామా అని తిరిగిన చోటే తిరిగాను. అతని చొక్కా విప్పుతుంటే జేబులోంచి ఫ్యూజు జారి నేలమీద పడింది. స్తంభం ముట్టుకునే ముందు దాన్ని పీకి జేబులో వేసుకోవడం అతని అలవాటు. కోడలు దాన్ని కొంగుతో తుడిచి, తీసుకెళ్ళి స్తంభం పెట్టెలో పెట్టి వచ్చింది. వీధి వెలిగింది. అప్పుడు ఏడ్చింది.

బొబ్బిలిలో వీధి లైట్ల బాగుచేత పని అతనిదే. మోకాళ్ళు అరిగాక, పనిచ్చే కాంట్రాక్టరు ఐటీఐ చదివిన మా కోడల్ని కరెంటు పని లైసెన్సు పరీక్షకు కూర్చోమన్నాడు. అది వస్తేనే పని మా ఇంట్లో ఉంటుంది. మా అబ్బాయి సాలూరు లారీల మీద తిరుగుతుంటాడు, ఎప్పుడొస్తాడో తెలియదు. ఆ లైసెన్సు మీద నా బెంగంతా అందుకే.

రోజూ అన్నాలయ్యాక మరిది మా అరుగు మీద కాళ్ళు చాపుకుని, పరీక్ష ఆఫీసరులా గొంతు మార్చి దాన్ని అడిగేవాడు.

"స్తంభం ఎక్కే ముందు ఏటి సేస్తావు?"

"లైటు కొండెక్కించేస్తాను, సిన్నమావయ్యా."

"ఏ కొండే? ఎక్కించి మళ్ళీ దింపుతావేటి?"

మా ఇంట్లో దీపం ఆరిందని అనం, కొండెక్కిందంటాం. బల్బుకైనా అంతే. నా దగ్గర ఉండి ఉండి దాని నోటికీ అదే పట్టింది.

"వదినా, నీ మాట దీని లైసెన్సు తినేస్తాది, సూసుకో."

"ఆర్పుతానని నా గుమ్మంలో అనిపించకు బాబూ. నాకు ఒణుకొస్తాది."

"ఆర్పమని ఎవుడన్నాడు? ఆపడం. ఆపి, ఫ్యూజు పీకి, జోబీలో ఎట్టుకోవాల. పైకెక్కినోడి పానం ఆడి జోబీలోనే ఉండాల."

కోడలు మా వీధి స్తంభం ఎక్కుతుంటే నేను గుమ్మం పట్టుకుని నిలబడేదాన్ని. అది ఎక్కేటప్పుడు మాత్రం ఫ్యూజు అతని జేబులోనే; కింద నుంచే తీసి నాకు చూపించేవాడు. అప్పుడు కూర్చునేదాన్ని. విసుక్కోకుండా ప్రతిసారీ చూపించాడు.

కర్మలు అయీ అవకుండానే పరీక్ష వచ్చింది. కోడల్ని బస్సెక్కించి వచ్చి, ధ్యాస లేక పాలు పొంగించేశాను. అది తిరిగొచ్చి చెప్పులు విడవకముందే అడిగాను.

"ఏటడిగేరే?"

"అదే అడిగేరత్తా. నోటికి ముందు కొండే వచ్చీసింది. మింగీసి, ఫ్యూజు పీకి జోబీలో ఎట్టుకుంటానన్నాను."

"మరేటన్నారు?"

"సీరకి జోబీ ఎక్కడిదమ్మా అని నవ్వేరు. బొడ్లో దోపుకుంటానన్నాను."

ఆ నవ్వు మంచిదో కాదో నాకు తెలియదు. ఫలితం ఇంకా రాలేదు. వచ్చినా, అది స్తంభం ఎక్కినప్పుడు కింద నుంచి నాకెవరు చూపిస్తారు?

మా తోటికోడలు అతని చొక్కా ఉతికి దండెం మీద వేసింది. గాలి లేదు. ఖాళీ జేబు ఒక పక్కకు సాగి, ఇంకా లోపల ఏదో బరువున్నట్టే వేలాడుతోంది.